దిల్‌సుఖ్‌నగర్‌లో సూర్యుడు, ఎల్‌బీ నగర్‌లో చివరి గ్రహం

“గా డబ్బలన్నీ తెప్పిచ్చి గ్రౌండ్‌ల ఒక్క లైన్‌ల వెట్టుండ్రి మేడం. పేరెంట్స్ ఒస్తరు, నిలవడి సూస్తరు, పోతరు.”

“గ్రౌండులో వరసగా పెడితే అది సౌరకుటుంబం అవ్వదండీ. కిరాణా కొట్టవుతుంది.”

“మరి ఎల్‌బీ నగర్ దాంక పాఠమేంది? మన సిలబసే చైతన్యపురి దాటది.”

“దూరమే పాఠమండీ. డబ్బాలో ఉన్నది కాదు. ఒక డబ్బా దగ్గర్నుంచి ఇంకో డబ్బా దాకా నడవడం ఉంది చూశారూ, అదీ పాఠం.”

“నడుసుడు నేర్పుతందుకు నాకు ఫీజు గడ్తున్నరా వాళ్లు?”

కరస్పాండెంట్ సారుకూ సైన్సు మేడానికీ మధ్య ఈ మాటలు జరుగుతుంటే నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పెద్దవాళ్ళ మాటల మధ్యకు పోకూడదని తెలుసు. కానీ చల్లారిన టీని మళ్ళీ వేడి చేయడమంటే గ్యాసు దండగ. అందుకని లోపలికి వెళ్ళి చెరొక గ్లాసు పెట్టాను. ఇద్దరూ ఒకేసారి, నువ్వు చెప్పు అన్నట్టు నావైపు చూశారు. ఏం చెప్పను? సారు చెప్పింది సబబుగానే ఉంది. మేడం చెప్పింది నాకు అర్థం కాలేదు, కానీ కాదనబుద్ధి కాలేదు.

సారు టీ తాగి సంగతి తేల్చేశారు. ఆరో తరగతిలో ఒకమ్మాయి తండ్రి అప్పటికే రెండుసార్లు వచ్చి గొడవ చేసి పోయాడట. ఆటో నడుపుతాడు. కొత్తపేట దగ్గర తెలంగాణ దీక్షా శిబిరంలో రోజూ కూర్చునే మనిషి. ఆంధ్రా మేడం రోడ్డు పొడుగునా ఏవో దాచిపెడుతోందనీ, తమ పిల్లల చేత రాళ్ళు ఎత్తించి వెతికిస్తోందనీ ఆయన ఫిర్యాదు. అసలే బందులతో బడి సగం రోజులు మూత, పిల్లలు తగ్గిపోతున్నారు.

“శుక్రారం నాడు పిల్లగాండ్లను ఒక్కసారి తోల్కపోయి సూపెట్టుండ్రి. గా తర్వాత గాయన నోట్లకెళ్లి ఒక్క మాట ఒచ్చినా మీరు వేరే బడి సూస్కోవాలె మేడం. నేనేం జెయ్యలేను” అన్నారు.

మేడం టీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది. ఆ గ్లాసు నేనే తాగాను.

నేను ఆ బడిలో ఆయాగా చేరి, ఆయాగానే ముసలిదాన్నయ్యాను. మాది నల్లగొండ వైపు పల్లె. నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు, “అమ్మమ్మా, నీ సర్వీసులో జరిగిందేమైనా చెప్పు” అంటే నేను చెప్పేది ఇదొక్కటే. మిగతాదంతా ఊడవడం, గంట కొట్టడం, పిల్లల ముక్కులు తుడవడం. అవి చెప్పడానికి ఏముంది? ఇది చెప్పడానికి ఉంది కానీ, ఏం చెప్పాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీదికొచ్చిన రోజులవి. మా మేడం కృష్ణా జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో కిరాయికి ఉండేది. భర్త చేస్తున్న పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఇంటి కిరాయీ ఇద్దరు పిల్లల ఫీజులూ ఆమె జీతం మీదే నడవాలి. ఇవేవీ ఆమె చెప్పలేదు. స్టాఫ్‌రూములో మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు మనిషి పరిస్థితి తెలిసిపోతుంది. ఆ డబ్బాలో మూడు నెలలుగా రోజూ ఒకే పచ్చడి.

అట్లాంటి మనిషికి ఈ పిచ్చి ఎందుకు పట్టిందో అని అప్పట్లో అనుకునేదాన్ని. పాఠ్యపుస్తకంలో సౌరకుటుంబం బొమ్మ ఉంటుంది కదా, గ్రహాలన్నీ ఒకదాని పక్కన ఒకటి, బస్సులో సీట్లలో కూర్చున్నట్టు. అది అబద్ధం అనేది ఆమె. నిజం చూపించాలంటే ఊరంత జాగా కావాలట. బడి గోడ మీద గేటు తలుపంత వెడల్పున పసుపుపచ్చ గుండ్రం గీసి అదే సూర్యుడు అంది. ఆ కొలతలో బుధుడు మిరియపు గింజంత, మనం ఉండే భూమి చిన్న రేగుపండంత. గురుడు పీచు తీసిన కొబ్బరికాయంత, శని అంతకు కొంచెం తక్కువ. చివరి రెండూ నిమ్మకాయలంత. రాహుకేతువులు ఏరి అని అడిగితే ఈ లెక్కలోకి రారు అంది. మా ఊరి పంతులు వింటే ఏమనేవాడో.

మట్టి ఉండలు పిల్లలే చేసి ఎండబెట్టారు. మొదటి మూడూ బడి సందులోనే. అంగారకుడు మలుపు దగ్గర. గురుడు మెయిన్ రోడ్డు మీద ఒక హాస్టలు గోడ వెనక. శని చైతన్యపురి దాటాక, ఖాళీ ప్లాటులో కూలగొట్టిన ఇంటి రాళ్ళకుప్ప కింద. తర్వాతిది పండ్ల మార్కెట్ దాటాక. ఆఖరిది ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, ఒక ప్రహరీ గోడ కన్నంలో.

మేడం డబ్బాలు కొంటానని బయల్దేరితే నేనే ఆపాను. పిల్లల ఫీజులకే తన్నుకులాడే మనిషి డబ్బాలు కొనడమేంటి? నా దగ్గర తలనొప్పి మందు సీసాలు, పొడి డబ్బాలు, పాలపొడి డబ్బా, అంచు సొట్టపోయిన పెద్ద బిస్కట్ల డబ్బా ఏళ్ళ తరబడి దాచినవి ఉన్నాయి. ఇవ్వలేదు, వాడుకోమని అరువిచ్చాను. మూతలతో సహా తిరిగి రావాలని కచ్చితంగా చెప్పాను. శనికి చుట్టూ అట్టతో వలయం కత్తిరించింది గానీ అది బిస్కట్ల డబ్బాలో పట్టలేదు. ఇంకా పెద్ద డబ్బా కావాలంది. శనికి వలయమే తగ్గించుకోమన్నాను. అంచులు కత్తిరిస్తున్నంతసేపూ ఆమె నన్ను చూడలేదు.

దీన్ని జియోకాషింగ్ అంటారట. దాచినవాళ్ళే, దాచిన చోటు తెలిపే అంకెలు కంప్యూటర్లో పెట్టి లోకమంతటికీ చెప్తారు. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు ఫోను చూసుకుంటూ వచ్చి వెతుకుతారు. దొరికితే మూత తీసి చూసి, మళ్ళీ అక్కడే దాచిపెట్టి పోతారు. అందరికీ చెప్పేదైతే దాచడమెందుకు? జిరాక్స్ షాపు పక్కన అంటే పోయేదానికి ఆ బారెడు అంకెలెందుకు? ఈ రెండు ప్రశ్నలూ మేడాన్ని చాలాసార్లు అడిగాను. ఆమె ప్రతిసారీ ఓపికగా చెప్పింది. ప్రతిసారీ విన్నాను.

తిప్పలు మొదలైంది డబ్బాల్లో పెట్టిన చీటీతో. ‘ఇందులోంచి ఏమైనా తీసుకుంటే బదులుగా ఏమైనా పెట్టండి’ అని ఆ చీటీ. ఆ ఆటలో అది రివాజట. ఒకటి రెండు రబ్బర్లు, బొత్తాలు, గవ్వలు వేసి పెట్టింది, మార్చుకోవడానికి. వారం తర్వాత ఇద్దరం చూడబోయాం. అంగారకుడి సీసా నిండా చీమలు. లోపల బెల్లం ముక్క. గురుడి డబ్బాలో దోసెడు బియ్యం. ఇంకోదాంట్లో పుట్నాలు. భూమి సీసాలో భూమి లేదు, శుభ్రంగా చుట్టిన వక్కపొడి పొట్లం ఉంది.

“ఎవరు ఆయమ్మా, బెల్లం పెట్టేది?” అంది మేడం అయోమయంగా.

నాకు అప్పటికే అర్థమైపోయింది. హాస్టల్లో వంట చేసే ఆమెను పిలిచి అడిగితే దాచలేదు. “మూత తీస్తిని. లోపట ఏం లేదు, మట్టి ఉండ ఉన్నది. ఎవలదో డబ్బ, ఖాళీగ ఎట్ల వెడ్తమమ్మా మల్ల?” అంది.

అవును మరి. పక్కింటి గిన్నె మనింటికి వస్తే ఖాళీగా పంపుతామా? చిటికెడు చక్కెరయినా వేసి పంపుతాం. మా అమ్మ అట్లా చేసింది, నేనూ అట్లాగే చేశాను. బడి చుట్టుపక్కల గృహిణులూ, దుకాణాలవాళ్ళూ, కిరాయికుండే పిల్లలూ డబ్బా కంటపడితే మర్యాదగా ఏదో ఒకటి వేసి మూత పెట్టారు. చీటీ చదివిన చదువుకున్నవాళ్ళేమో గ్రహాలనే తీసుకుపోయి బదులు పెట్టారు. తప్పు ఎవరిదని చెప్పాలి? మేడం కొత్త భూమిని చేసి, ‘గ్రహాన్ని మాత్రం తీయకండి’ అని ఇంకో చీటీ రాసింది. ఆ బియ్యం, పుట్నాలు నేను ఇంటికి తెచ్చుకున్నాను. పారేస్తే పాపం కదా.

ఇదీ శుక్రవారానికి ముందు సంగతి.

మామూలుగా బందు అంటే ముందురోజే కబురు తెలుస్తుంది. ఆ శుక్రవారం అట్లా కాదు. ఎక్కడో ఏదో జరిగిందట, పిల్లలు బడికి వచ్చాక షట్టర్లు ధడధడా పడటం మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. దగ్గర్లో ఉన్నవాళ్ళు వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోయారు. బడి వ్యాను డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని, అద్దాలు పగిలితే ఎవరిస్తారని కూర్చున్నాడు. ఎల్‌బీ నగర్ వైపు పిల్లలు డజనుమంది మిగిలిపోయారు. వాళ్ళ ఇళ్ళకు ఫోను చేస్తే, కొత్తపేట దగ్గర రోడ్డు మీదనే వంటా వార్పూ పెట్టారనీ, బండ్లు వదలడం లేదనీ చెప్పారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే వడ్డించుకుని, దారి ఆపేయడం. ఆ ఉద్యమంలో అదొక పద్ధతి.

సారు నన్ను పిలిచి, పిల్లల్ని నడిపించుకుంటూ తీసుకుపొమ్మన్నారు. మేడం ఇల్లు కూడా అటే కాబట్టి ఆమెనూ తోడు వెళ్ళమన్నారు. వెళ్తుంటే వెనక నుంచి మేడంతో, ఇవాళ ప్రోగ్రాం కేన్సిల్, డబ్బాల జోలికి పోవద్దు అన్నారు. ఆమె తలూపింది. సందులో మొదటి మూడు డబ్బాల ముందు నుంచి పోతున్నప్పుడు పిల్లలు ఆమె ముఖం చూశారు. ఆమె నేల చూసుకుంటూ నడిచింది.

మెయిన్ రోడ్డు మీదికొచ్చి ఆగిపోయాం. ఆ రోడ్డును నేనెప్పుడూ అట్లా చూడలేదు. రోజూ దాన్ని దాటాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. అట్లాంటిది బస్సు లేదు, ఆటో లేదు, బజ్జీల బండి లేదు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలు తప్ప మనిషి ముఖం లేదు. అటు చూస్తే అటు, ఇటు చూస్తే ఇటు, ఉత్త రోడ్డు. మేడం నడిమధ్యలో నిలబడి చాలాసేపు ఎల్‌బీ నగర్ వైపు చూసింది.

“ఇదే ఆయమ్మా నాకు కావాల్సింది. రోజూ ఇంత రద్దీలో ఖాళీని ఎలా చూపించాలో తెలిసేది కాదు.”

ఖాళీని చూపించడమేంటో నాకు బోధపడలేదు. పిల్లలకు ఏం బోధపడిందో గానీ, మలుపులో ఉన్న అంగారకుడి తర్వాత నడవగా నడవగా, ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గించారు. ఇంకెంత దూరం మేడం అని ఒకమ్మాయి అడిగింది. గురుడి దాకా ఇంకా సగం కూడా రాలేదంది. ఆ మధ్యలో ఏముంది అంటే, ఏమీ లేదు అంది. నేను ఉండబట్టలేక అడిగాను, ఏమీ లేకపోతే అంత జాగా ఎందుకని. ఒక గదికి కిరాయి కట్టి ఆరుగురం కాళ్ళు ముడుచుకుని పడుకున్న దాన్ని నేను. దేవుడైనా సరే, అంత జాగాను ఉత్తగా వదిలేస్తే ఊరుకోబుద్ధి కాలేదు. మేడం నవ్వింది. వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

హాస్టలు గోడ దగ్గర పిల్లలు ఆగలేదు, మేడాన్ని అడగలేదు, గురుడి డబ్బా తీసేశారు. మట్టి ఉండ, మళ్ళీ బియ్యం, ఒక జై తెలంగాణ స్టిక్కరు. సారు వద్దన్నారని మేడం అంది. వద్దన్నది మిమ్మల్ని, మమ్మల్ని కాదు అన్నారు పిల్లలు.

శని దగ్గరికి వచ్చేసరికి ప్లాటులో రాళ్ళకుప్ప లేదు. నేల చదునుగా ఉంది. కుప్పే లేనప్పుడు డబ్బా ఎక్కడుంటుంది? ఎదురుగా రోడ్డు మీద పొగ లేస్తోంది. వరసగా పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, గులాబీ కండువాలు, అడ్డంగా ఆపిన రెండు లారీలు. పొయ్యిలకు పెట్టిన రాళ్ళు ఎక్కడివో చూడగానే తెలిసింది.

మేడం కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. గుంపులో నుంచి వచ్చినవాడు సారు దగ్గర గొడవ చేసిన ఆటో ఆయనే, ఆ ఆరో తరగతి అమ్మాయి తండ్రి. కూతుర్ని చూశాడు, మేడాన్ని చూశాడు.

“బందు నాడు పిల్లగాండ్లను రోడ్డు మీదికి గుంజుక ఒచ్చుడేంది?”

“బస్సుల్లేవండీ. ఇళ్ళకి చేర్చాలి కదా.”

ఆ ‘అండీ’ వినగానే చుట్టుపక్కల చేతులు ఆగాయి. గరిటెలు పట్టుకున్న ఆడవాళ్ళు తలెత్తారు. ఎవరో, ఆంధ్రామెనా అన్నారు. మేడం ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉంది. ఎవరికి ఎవరు ధైర్యమో తెలియలేదు.

నేను ముందుకు పోయాను. “ఏడిదైతేంది? మీ పిల్లలనే గద తోల్కపోతున్నది. ఎండల నిలవెట్టి అడుగుతున్నరు, జర నీళ్ళియ్యుండ్రి ముందు” అన్నాను. నాది వాళ్ళ యాసే. నా వయసు కూడా పనికొచ్చింది. నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళ బిందె పక్కనే, అంచు సొట్టపోయిన నా బిస్కట్ల డబ్బా కనిపించింది. దాని నిండా ఉప్పు.

“గీ డబ్బ మాది” అన్నాను.

వంట దగ్గరున్న ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “రాళ్ళ కింద దొరికింది పెద్దమ్మా. ఎవలో పారేసిండ్రనుకున్నం. తీస్కపో, గని ఉప్పుతోనే తీస్కపో. ఖాళీ డబ్బ నీ చేతుల వెట్టం.”

“దాంట్ల ఉండ ఉండాలె. ఏది?”

ఆమె పొయ్యి వైపు చూసింది. గంజు ఊగుతుంటే ఆ ఉండను రాళ్ళ సందున ఎగదోశారట. చక్రం అట్ట పొయ్యి రాజేయడానికి పనికొచ్చిందట. ఆ మాట విన్న పిల్లలు ఒకేసారి గొల్లుమన్నారు. అమ్మో శని, మా శనిని కాల్చేశారు అని.

శని అనగానే అక్కడ అందరి ముఖాలూ మారాయి. ఆటో ఆయన కూతురి భుజం పట్టుకుని, శని ఏంది, ఎవరు పెట్టిండ్రు అన్నాడు. పేర్లు పెట్టేటప్పుడు ఈ సంగతి మాకు తట్టనే లేదు. తన ఉద్యోగం అక్కడ, ఆ పొయ్యి ముందు పోయిందని ఆమె అనుకున్నట్టు చూస్తేనే తెలుస్తోంది.

అప్పుడు ఆకులు కుడుతూ కూర్చున్న ఒక ముసలామె, నాకంటే పెద్దది, తల ఎత్తకుండానే అంది.

“శనిని పొయ్యిల వెట్టి కాల్సినమా? మంచిగైంది తియ్. ఇగ మన శని ఒడిసినట్టే. తెలంగాణ ఒచ్చినట్టే.”

ముందు ఒకరు నవ్వారు. తర్వాత పొయ్యి పొయ్యికీ ఆ మాట పాకింది, రోడ్డు పొడుగునా నవ్వులే. నవ్వని మనిషి ఆటో ఆయన ఒక్కడే. వంటామె కట్టెతో ఆ ఉండను బయటికి లాగింది. ఒక పక్క చిన్న బీట తప్ప గట్టిగానే ఉంది, ఇటుక రంగుకు కాలింది. రోడ్డు వాలుకు దొర్లిపోతుంటే, బిందె కింద తల మీద పెట్టుకునే తడి చుట్టబట్టను గుండ్రంగా నేల మీద వేసి, దాని మధ్యలో ఆపింది.

పిల్లలు అరవడం మానేశారు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నారు. నాకు కనిపించింది చుట్టబట్టలో ఒక మట్టి ఉండ. ఆ అమ్మాయి మాత్రం తండ్రి చెయ్యి పట్టి కిందికి గుంజింది.

“నాయినా, శని గిట్లనే ఉంటది. సుట్టూత గిట్లనే ఉంటది, నిజంగ. మేడం చెప్పింది.”

ఆయన చాలాసేపు గొంతుకూర్చుని చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. అట్ట వలయం కంటే చుట్టబట్టే కొలతకు దగ్గరగా ఉందని మేడం మెల్లగా అంది. అది నన్ను దెప్పడానికే అని నా అనుమానం.

తినకుండా ఎవర్నీ కదలనివ్వలేదు. అన్నం, పచ్చిపులుసు, ఆలుగడ్డ కూర. మేడం రోడ్డు మీదనే చాప మీద కూర్చుని తింది. వంటామె అడగకుండానే ఆమె విస్తరిలో ఇంకో గరిటెడు వేసి, “తిను, మస్తు దూరం పోవాలె” అంది. మూడు నెలల పచ్చడి తర్వాత ఆ కూరను ఆమె ఎట్లా తిన్నదో నేను చూశాను. పిల్లలకు చెప్పలేదు.

అక్కడి నుంచి ఆటో ఆయన మాతో నడిచాడు. ముందు ఇంకో చోట అడ్డం కూర్చున్నారు, తనుంటే వదులుతారన్నాడు. ఉప్పు డబ్బా ఆయనే మోశాడు. పండ్ల మార్కెట్ దాటాక డబ్బాలో నీలం ఉండ లేదు, దాని బదులు బత్తాయి పండు ఉంది. ఉండకు రెండింతలుంది. పిల్లలు తొనలు పంచుకుని తినేశారు, మేడం చూస్తుండగానే ఒక గ్రహం అయిపోయింది. ఆ తర్వాత నడక, నడక, నడక. ఎండ. చిన్నపిల్లలు రోడ్డు మధ్య డివైడరు మీద కూలబడుతున్నారు. ఇగ ఎంత దూరం మేడం అని ఈసారి అడిగింది ఆటో ఆయన. వచ్చినంత దూరం లేదుగానీ చాలానే ఉందండీ అంది. రోజూ ఈ రోడ్డు మీదనే నడుపుతా, గింత ఉన్నదని తెల్వదు అన్నాడు. అందరిలోకీ అలసిపోయింది ఆయనే. ఆటో మనిషికి నడక ఎక్కడిది?

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో గోడ కన్నంలో డబ్బా అట్లాగే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు, ఎవరూ ఏమీ వేయలేదు. అంత దూరం ఏ అంకెలు పట్టుకునీ ఎవరూ రాలేదన్నమాట. మూత తీసి నిమ్మకాయంత ఉండను మేడం ఆయన అరచేతిలో పెట్టింది. ఇక్కడి నుంచి మన సూర్యుడు ఒక చుక్కలాగా కనిపిస్తాడు అని పిల్లలకు చెప్పింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. బడి కాదు కదా, చైతన్యపురి కూడా కనబడటం లేదు. నేనూ చూశాను. కళ్ళు మండాయి. అర్థమైనట్టే అనిపించి, మళ్ళీ పోయింది.

“మంచిగనే ఉన్నది గని మేడం, పరీక్షల ఒస్తదా?” అన్నాడాయన.

“రాదండీ” అంది మేడం.

ఆయన ఉప్పు డబ్బా నాకు అప్పగించి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. మిగతా పిల్లల్ని ఇళ్ళల్లో అప్పజెప్పాం. విడిపోయేటప్పుడు మేడం, ఆయన సారుకు ఫోను చేస్తాడా ఆయమ్మా అని అడిగింది. నేను ధైర్యం చెప్పే మనిషిని కాదు. ఏమో అన్నాను. సారు వద్దన్నా డబ్బాలు ముట్టుకున్నారు, పిల్లల చేత నడిరోడ్డు మీద అన్నం తినిపించారు. ఆ తండ్రి కళ్ళ ముందే ఇదంతా జరిగింది. నా లెక్కలో ఆమె ఉద్యోగం పోయింది.

పిల్లలూ, మీరు ఉద్యోగాల్లో చేరాక ఎవరి వల్ల ఉద్యోగం నిలబడింది, ఎవరి వల్ల పోయింది అని లెక్క తీస్తుంటారు. నేనూ తీశాను. ఆ సాయంత్రం ఆయన సారుకు ఫోను చేశాడని వ్యాను డ్రైవరు అన్నాడు. చేసి పొగిడాడని ఒకరు, తిట్టాడని ఒకరు. అసలు చేయనే లేదనీ, ఆ జీతానికి ఇంకో సైన్సు టీచరు దొరకదు కాబట్టే సారు వెనక్కి తగ్గారనీ లెక్కల సారు చెప్పాడు. నేను సారునే అడగొచ్చు. పదకొండేళ్ళు అదే వరండాలో ఎదురుపడ్డాం, అడగలేదు. ఏ జవాబు చెప్పినా నాకు కొత్త అయోమయమే వచ్చేది. రాష్ట్రం వచ్చింది, సారు పోయారు, బడి చేతులు మారింది. ఆ ప్లాటులో ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టలు.

మర్నాడు పొద్దున కూడా బందే. బడికి సెలవు. అయినా వరండా దుమ్ము సెలవు తీసుకోదు కదా, నేను నడిచి వెళ్ళి ఊడుస్తున్నాను. సారు ఇల్లు బడి పైనే. లుంగీ మీద కిందికి దిగి గేటు దగ్గర పేపరు కోసం నిలబడ్డారు. అప్పుడు మేడం వచ్చింది. వనస్థలిపురం నుంచి నడిచొచ్చింది. చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము, ముఖం ఎర్రగా ఉంది.

“ఇయ్యాల బడి లేదు గద మేడం” అన్నారు సారు.

“తెలుసండీ. రాత్రి ఫోన్ చేస్తే మీరు తియ్యలేదు. ఉద్యోగం ఉందో లేదో కనుక్కుని వెళ్దామని వచ్చాను.”

సారు గేటు గొళ్ళెం పట్టుకుని కాసేపు ఆమె చెప్పులు చూశారు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని, “సోమారం తెరుస్తున్నం. ఫస్టు పీరియడ్ మీదే, ఆరో తరగతి” అన్నారు. అని పేపరు రాకుండానే పైకి ఎక్కిపోయారు.

నేను గ్లాసుతో నీళ్ళిచ్చాను. ఆమె నిలబడే తాగింది. గ్లాసు నాకిచ్చి, చీర దులుపుకుని, ఎల్‌బీ నగర్ వైపు మళ్ళీ నడిచి వెళ్ళిపోయింది.